రేకుల షెడ్డులో హార్డ్ డిస్క్ 57, ఎన్‌వీఆర్ డిస్క్ 61 డిగ్రీలు: ఎంతవరకు పర్వాలేదు?

చీమకుర్తి_ఆఫీస్:

అందరికీ నమస్కారం. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో ఉన్న సిస్టమ్ గురించి అడుగుతున్నా. పైన సిమెంటు రేకులు, కింద థర్మోకోల్ సీలింగ్. ఏసీ పొద్దున తొమ్మిదికి వేసి సాయంత్రం ఆరుకి ఆపేస్తారు. సిస్టమ్ మాత్రం రాత్రంతా ఆన్‌లోనే ఉంటుంది, ట్యాలీ డేటా, స్లాబుల ఫోటోలు అప్పుడే బ్యాకప్ అవుతాయి.

రాత్రి ఎనిమిదికి గోడ థర్మామీటరు 38 చూపిస్తుంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో (డిస్క్ ఆరోగ్యం, వేడి చూపించే ప్రోగ్రామ్) ఇట్టా ఉంది: పైన ఉన్న 4 టీబీ హార్డ్ డిస్క్ 52, దానికి ఆనుకుని కింద ఉన్న ఇంకో 4 టీబీ 57 (స్క్రీన్ మీద దాని గడి పసుపు రంగుకి తిరిగింది), ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్క్) మామూలుగా 50, పెద్ద ఫోల్డర్ కాపీ చేసేటప్పుడు 71.

ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) వేరే చోట ఉంది. షెడ్డులో పడమటి గోడకి, రేకుల కిందనే, తాళం వేసే ఇనప డబ్బాలో. 8 కెమెరాలు, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాలకి కరెంటు పంపే సప్లై) లోపలే, ఒక 6 టీబీ డిస్క్. మధ్యాహ్నం షెడ్డులో 41 ఉన్నప్పుడు మెనూలో డిస్క్ టెంపరేచర్ 61 చూపిస్తోంది.

షాపతను 60 దాకా కంపెనీవాళ్లే రాసిచ్చారు, ఏం కాదు పొమ్మంటాడు. ఇంకొకాయన 45 దాటితే డిస్క్ మీద ఆశ వదులుకోమంటాడు. ఎవరి మాట పట్టుకోవాలి? ఇంకా రోహిణి కార్తె రానేలేదు. రాత్రిళ్లు కూడా ఏసీ నడపాల్సిందేనా?

---

ఒంగోలు_రిపేరు:

60 అన్న మాట నిజమే. కానీ అది గది వేడి కాదు, డిస్క్ ఒంటి వేడి. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకి (సీగేట్ బారాకుడా, డబ్ల్యూడీ బ్లూ లాంటివి) 0 నుంచి 60, కెమెరాల కోసం చేసిన డబ్ల్యూడీ పర్పుల్‌కి 65 అని కంపెనీ ఇస్తుంది. ఆ గీత దాటితే మా పూచీ లేదని దాని అర్థం. అక్కడిదాకా నడపమని సలహా ఇచ్చినట్టు కాదు. చల్లటి ఊళ్లో గది 22 ఉంటే ఆ గీతకి 38 డిగ్రీల దూరం ఉంటుంది. మన దగ్గర ఏసీ ఆపాక గదే 38 అయితే మిగిలేది 22. మీ రెండో డిస్క్ అందులో 19 ఇప్పటికే వాడేసింది.

అందుకే డిస్క్ అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చకండి. డిస్క్ వేడిలోంచి గది వేడి తీసేయండి. మీ లెక్కలో పైది 14, కిందిది 19. ఎదురుగా ఫ్యాన్ ఉండి గాలి సరిగ్గా తగిలే డిస్క్‌కి ఈ తేడా 5 నుంచి 8 ఉండాలి. 10 దాకా సరే. 15 దాటిందంటే లోపం కేబినెట్‌లో గాలి ఆడకపోవడంలో ఉంది, ఊరి ఎండలో కాదు. తేడా 6 ఉండి కూడా డిస్క్ 50కి పోతుంటే అప్పుడు గది చల్లబడాలి, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లాభం ఉండదు. ఏ ఫ్యానూ డిస్క్‌ని గది కంటే చల్లగా చేయలేదు.

నా లెక్కన హార్డ్ డిస్క్ 45 లోపు ఉంటే దాని గురించి మర్చిపోవచ్చు. ఎండాకాలంలో 50 దాకా ఓర్చుకోవచ్చు. 50 నుంచి 55 అంటే ఈ వారంలో సరిచేయాలి. 55 దాటితే ఇవాళే. 60 కనిపిస్తే రాస్తున్న పని ఆపి సిస్టమ్ షట్‌డౌన్ చేయండి.

మీ కేబినెట్ సంగతి. రెండు డిస్కులు ఆనుకుని ఉన్నాయన్నారు, సగం తప్పు అక్కడే. 3.5 అంగుళాల డిస్క్ మందం దాదాపు 26 మిల్లీమీటర్లు, తిరుగుతున్నప్పుడు ఒక్కోటి 5 నుంచి 8 వాట్ల వేడి వదులుతుంది. మధ్యలో సందు లేకపోతే కింది డిస్క్ పైభాగం, పై డిస్క్ అడుగున ఉన్న బోర్డు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. మధ్యలో ఒక బే (డిస్క్ బిగించే అర) ఖాళీ వదిలి బిగించండి. నాలుగు స్క్రూలూ వేయండి, డిస్క్ నుంచి కేబినెట్ ఇనుముకి వేడి దిగే దారి అదే. ప్లాస్టిక్ క్లిప్పుల బే అయితే ఆ సాయం కూడా ఉండదు, గాలి ఒక్కటే దిక్కు.

తర్వాత డిస్కులకి నేరుగా ఎదురుగా ముందువైపు 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి, గాలి లోపలికి వచ్చేట్టు. ఫ్యాన్ చట్రం పక్కన బాణం గుర్తు ఉంటుంది, గాలి ఎటు పోతుందో అదే చెబుతుంది. బాణం లేకపోతే మోటారుని పట్టుకునే కాళ్లున్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. నిమిషానికి 800 నుంచి 1000 తిరుగుడు చాలు, డిస్క్‌కి తుఫాను అక్కర్లేదు. బయాస్‌లో (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఈ ఫ్యాన్‌ని ప్రాసెసర్ వేడికి ముడిపెట్టకండి. రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, ఫ్యాన్ నిద్రపోతుంది, డిస్క్ మాత్రం ఉడుకుతుంది. స్థిరమైన వేగం పెట్టండి. ముందు భాగం గాజు పలకతో మూసేసిన ఫ్యాన్సీ కేబినెట్ అయితే ఆ పలక తీసేయండి, దాని వెనక ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా పీల్చడానికి గాలి ఉండదు.

ఇంకో మాట. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పైన పెద్దగా కనిపించే అంకె సరైనదే గానీ కింద 194 లైనులో (అక్కడ సీ2 అని ఉంటుంది) రా వాల్యూ చూసి కొందరు మోసపోతారు. చివర 39 అని ఉంటే 39 డిగ్రీలు అనుకుంటారు. అది హెక్సాడెసిమల్, అంటే పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే పద్ధతి. మూడు పదహార్లు 48, ఇంకో 9 కలిపితే 57. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్, అక్కడ డెసిమల్‌కి మార్చుకోండి.

మార్చాక 5, 197, 198 లైన్లు కూడా (డిస్క్ మీద చెడిన, చెడేట్టున్న చోట్ల లెక్క అవి) చూసి ఇక్కడ పెట్టండి. 197 సున్నా కాకపోతే ఫ్యాన్ కొనడానికి పోకుండా ముందు డేటా కాపీ తీయండి. చల్లబరిస్తే చెడిన సెక్టార్లు తిరిగిరావు.

---

కావలి_కెమెరాలు:

ఎన్‌వీఆర్ గురించి నేను చెప్తా, రొయ్యల చెరువుల దగ్గర షెడ్లలో అందరికీ ఇదే బాధ.

లెక్క వేద్దాం. ఎన్‌వీఆర్ బోర్డు 12 వాట్లు, డిస్క్ 5 లేదా 6, పీఓఈ సప్లైలో వృథా అయ్యేది 10, పక్కన రౌటర్, దాని అడాప్టర్ కలిపి 8. మొత్తం 36 వాట్ల దగ్గర. (కెమెరాలు తినే కరెంటు కెమెరాల దగ్గరే వేడవుతుంది, దాన్ని డబ్బా లెక్కలో కలపకూడదు.) డబ్బా అరమీటరు పొడుగు, అరమీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు అనుకుంటే గోడకి ఆనిన వైపు వదిలేసి మిగతా రేకు 0.65 చదరపు మీటర్లు. రంగు వేసిన ఇనప రేకు ఒక్కో చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి 5.5 వాట్లు బయటికి పంపుతుంది. అంటే డబ్బా మొత్తం డిగ్రీకి 3.6 వాట్లు. 36 వాట్లు బయటికి పోవాలంటే లోపల బయటికంటే 10 డిగ్రీలు పెరగాల్సిందే. షెడ్డు 41, డబ్బా లోపల 51, ఎన్‌వీఆర్ పెట్టెలో డిస్క్ దానిపైన ఇంకో 10. మీ 61 అక్కడ్నించి వచ్చింది. డిస్క్‌లో లోపం ఏమీ లేదు.

డబ్బాకి గాలి ఆడిస్తే డబ్బా లోపల పెరిగిన ఆ 10లో 7 తగ్గించొచ్చు. కావాల్సిన గాలికి పనివాళ్ల లెక్క ఒకటుంది: వాట్లని 3.1తో గుణించి, ఒప్పుకునే డిగ్రీలతో భాగిస్తే గంటకి ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. 36 వాట్లకి 3 డిగ్రీలే ఒప్పుకుంటే 37 ఘనపు మీటర్లు. ఒక 120 ఎంఎం 12 వోల్టుల ఫ్యాన్ ఫిల్టరు వెనక నుంచి కూడా అంత ఇస్తుంది. కింద ఒక పక్క ఫ్యాన్, పైన ఎదుటి పక్క అదే సైజు జాలీ. చీమకుర్తి కాబట్టి ఫ్యాన్ గాలిని లోపలికే తోయాలి, బయటికి లాగకూడదు. లాగితే తలుపు సందు, కేబుల్ రంధ్రం, ఎక్కడ చీలిక ఉంటే అక్కడ్నించి రాతిపొడి వస్తుంది. తోస్తే ఫిల్టరు గుండా ఒక్క దారే. ఫ్యాన్ కరెంటుకి వేరే 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ పెట్టండి, ఎన్‌వీఆర్ వైరుకి జోడించొద్దు.

అంతకంటే ముందు డబ్బా స్థలం మార్చండి. పడమటి గోడ సాయంత్రం ఆరింటికి కూడా పొయ్యిలా ఉంటుంది, రేకుల కింద అడుగు మేర వేడి గాలి కదలకుండా నిలబడుతుంది. తూర్పు లేదా ఉత్తరం గోడకి, ఛాతీ ఎత్తుకి దించండి. గోడకి ఆనించకుండా రెండు అంగుళాల ముక్కలు పెట్టి బిగిస్తే వెనక రేకు కూడా వేడి వదులుతుంది. ఖర్చు లేకుండా దొరికే డిగ్రీలు ఇవే.

డబ్బాలో యూపీఎస్ ఉంటే బయటికి తీయండి. సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీలకి లెక్కగట్టింది, ప్రతి 10 పెరిగితే సగమవుతుంది. డిస్క్ కంటే ముందు అదే పోతుంది, పోతూ పోతూ కరెంటు కోతకి ఎన్‌వీఆర్‌ని టపీమని ఆపేస్తుంది.

---

నెల్లూరు_లినక్స్:

ఎన్‌వీఎంఈ 71కి కంగారు పడాల్సింది లేదు. హార్డ్ డిస్క్ కొలత దానికి పెట్టకండి. శాంసంగ్ 980 ప్రో లాంటి వాటికి కంపెనీ ఇచ్చిన పరిమితి 70, మీది కాపీ అయ్యే కాసేపే దాని మీదికి పోతోంది. చాలా మోడళ్లు 80–85 దగ్గరికొచ్చాక తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కాపీ మొదట్లో వేగంగా పోయి తర్వాత పడిపోతే వేడే కారణమని అనుకోకండి, చాలాసార్లు అది ఎస్ఎల్‌సీ క్యాష్ (ఎస్ఎస్‌డీలో వేగంగా రాసుకునే చిన్న భాగం) నిండిపోవడం. తేడా ఎట్టా తెలుస్తుందంటే స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే డిస్క్ పరీక్ష ప్రోగ్రామ్ వేసుకుని స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కి హైఫన్ ఏ ఇచ్చి చూడండి. 'వార్నింగ్ కాంప్. టెంపరేచర్ టైమ్' అని ఒక లైను ఉంటుంది, అది నిమిషాల్లో. అంకె సున్నా ఉంటే మీ ఎస్ఎస్‌డీ ఎప్పుడూ ఆ హద్దు ముట్టలేదు. కాపీకి ముందు, తర్వాత చూసి పెరిగితే అప్పుడు హీట్‌సింక్ గురించి ఆలోచించండి.

హీట్‌సింక్ వేస్తే రెండు జాగ్రత్తలు. థర్మల్ ప్యాడ్‌కి రెండు వైపులా ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోయేవాళ్లు లెక్కలేనంత మంది, మదర్‌బోర్డుతో వచ్చే హీట్‌సింక్‌కి కూడా ఆ పొర ఉంటుంది. రెండోది, ఎస్ఎస్‌డీ మీది స్టిక్కరు పీకకండి. వారంటీ అందులోనే ఉంది, కొన్నిట్లో అది రాగి రేకుతో చేసింది, వేడిని అదే పరుస్తుంది. ప్యాడ్ దాని మీదే వేయండి.

హార్డ్ డిస్కులకి ఇంకో మంచి పరీక్ష. అదే కమాండ్‌కి హైఫన్ ఎల్, స్పేస్, 'ఎస్‌సీటీటెంప్' ఇస్తే చాలా సాటా డిస్కులు గత కొన్ని గంటల వేడిని వరసగా చూపిస్తాయి, పుట్టినప్పటి నుంచి ఎక్కిన గరిష్ఠం కూడా. పగలు ఆఫీసులో కూర్చుని 44 చూసి సంతోషించే బదులు రాత్రి రెండింటికి ఏమైందో అక్కడ చదవచ్చు.

ఇక 45 దాటితే ఆశ వదులుకోవాలన్న మాట. దానికి ఆధారం బలంగా లేదు. గూగుల్ వాళ్లు లక్షకి పైగా డిస్కుల మీద చేసిన లెక్క 2007లో బయటపెట్టారు. మధ్యరకం వేడిలో, వేడి పెరిగినంత మాత్రాన డిస్కులు ఎక్కువ పోలేదు. పైగా బాగా చల్లగా ఉన్నవే ఎక్కువ పోయాయి. మూడేళ్లు దాటిన డిస్కుల్లో మాత్రం బాగా వేడెక్కినవి ఎక్కువ దెబ్బతిన్నాయి. కాబట్టి ఏసీ 18లో పెట్టి డిస్క్‌ని వణికించక్కర్లేదు.

---

ఒంగోలు_రిపేరు:

లినక్స్ గారూ, ఆ లెక్క నిజమే గానీ అవి డేటా సెంటర్లో నడిచిన డిస్కులు. వాటిల్లో 50 దాటినవే బహు తక్కువ. 57లో, 61లో రాత్రంతా రాసే డిస్క్ ఏమవుతుందో అందులో దొరకదు. 40కీ 45కీ మధ్య పోట్లాట అనవసరమని ఒప్పుకుంటా. 57ని ఆ లెక్క చూపించి వదిలేయొద్దు.

---

చీమకుర్తి_ఆఫీస్:

అందరికీ ధన్యవాదాలు. 5, 197, 198 మూడూ రెండు డిస్కుల్లోనూ సున్నా. కానీ కింది డిస్క్‌లో 199 (సీ7) లైను 212 ఉంది, అది వేడి వల్లేనా? ఇంకా రెండు సందేహాలు. సాయంత్రం ఏసీ ఆపగానే గది 26 నుంచి 38కి ఎక్కుతుంది, ఈ ఎక్కుడు దిగుడు డిస్క్‌కి చెడ్డదా? వారానికోసారి ఒక యూఎస్‌బీ డిస్క్‌లో కాపీ తీసి ఓనర్ గారి కారు డాష్‌బోర్డులో పెట్టి ఇంటికి పంపుతాం, అది సరేనా?

---

సింగరాయకొండ_సిస్టమ్స్:

199 వేడి వల్ల కాదు. డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య కేబుల్‌లో డేటా చెడి మళ్లీ పంపాల్సి వచ్చిన లెక్క అది. సాటా కేబుల్ మార్చండి, రెండు చివర్లా క్లిప్పు ఉన్నది కొనండి. ఈ అంకె తగ్గదు, పెరగకుండా ఆగితే చాలు. మీ దగ్గర పాలిషింగ్ నీళ్ల తేమతో కలిసిన రాతిపొడి పిన్నుల మీద పేరుకుంటుంది, కొత్తపట్నం, మైపాడు వైపైతే ఉప్పుగాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో కనెక్టరు తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

దుమ్ము దులిపేటప్పుడు సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, బయటికి తీసుకుపోయి బ్లోయర్ కొట్టండి. ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే బ్లోయర్ గాలికి అతిగా తిరిగి బేరింగు అరిగిపోతుంది. హార్డ్ డిస్క్ మీద సన్నటి రంధ్రం ఉంటే దాని పక్కన మూయవద్దని రాసి ఉంటుంది, లోపలి గాలి ఒత్తిడి సమం కావడానికి అది. దానిలోకి నేరుగా బ్లోయర్ కొట్టకండి, టేపు అంటించకండి. (హీలియం నింపిన పెద్ద డిస్కులకి ఆ రంధ్రం ఉండదు, పూర్తిగా సీలు.) ఫ్యాన్ ముందు నురుగు ఫిల్టరు పెడితే మీ దగ్గర వారానికోసారి ఉతకాల్సిందే. రాతిపొడి పట్టిన ఫిల్టరు ఉన్నా ఒకటే, అట్ట ముక్క అడ్డం పెట్టినా ఒకటే.

ఏసీ ఎక్కుడు దిగుడు సంగతి. నడిచే డిస్క్‌కి గంటకి 20 డిగ్రీల మార్పు దాకా కంపెనీలు ఒప్పుకుంటాయి. మీ గది 12 ఎక్కుతోంది, డిస్క్ ఇంకా నిదానంగా ఎక్కుతుంది. ఇబ్బంది లేదు. రాత్రి ఏసీ అవసరమా అన్నది ఫ్యాన్ పెట్టాక తేలుతుంది. తేడా 7కి దిగితే 38 గదిలో డిస్క్ 45. రోహిణిలో గది 42కి పోయినా 49, ఏసీ లేకుండానే గట్టెక్కుతారు. ఇంకా దించాలంటే బ్యాకప్‌ని రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము నాలుగుకి మార్చండి, రేకులు అప్పటికి చల్లబడతాయి. పైసా ఖర్చు లేదు.

కారు డాష్‌బోర్డు మాత్రం వెంటనే మానేయండి. హార్డ్ డిస్క్ ఆపి ఉంచినప్పుడు పరిమితి 70. ఎండలో అద్దాలు మూసిన కారు డాష్‌బోర్డు ఆ అంకెకి సులువుగా పోతుంది. ఇంకొకటి గమనించండి, డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి యూఎస్‌బీ డిస్కులకి కంపెనీ రాసింది 5 నుంచి 35. ఇది పెట్టె చుట్టూ ఉండే గాలి లెక్క, పైన ఒంగోలు ఆయన చెప్పిన 60 లాంటిది కాదు. మే నెలలో మన గదిలో ఏసీ లేకుండా దాన్ని గంటలకొద్దీ నడపడమే పరిమితి దాటడం. కాపీ పగలు, ఏసీ నడిచేటప్పుడే తీయండి. ఎన్‌వీఆర్ నెత్తిన, మానిటర్ వెనక పెట్టకండి.

ఏసీ గదిలోంచి చల్లటి డిస్క్ తీసి సముద్రం వైపు ఊరికి పట్టుకుపోతే దాని ఒంటి మీద తేమ పడుతుంది. జిప్ కవర్లో వేసి మూసి తీసుకుపొమ్మనండి, ఇంట్లో కవరు విప్పకుండా గంట, రెండు గంటలు ఉంచి తర్వాతే ప్లగ్ చేయమనండి.

ఆ యూఎస్‌బీది ఎస్ఎస్‌డీ అయితే ఇంకో చిక్కు. రాయగలిగినంత రాసేసిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలపాలని జెడెక్ (చిప్పులకి ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణం. సర్వర్లవైతే 40 దగ్గర మూడు నెలలే. వేడి 5 డిగ్రీలు పెరిగితే ఆ గడువు రమారమి సగమవుతుంది. కొత్త ఎస్ఎస్‌డీ చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది గానీ బీరువాలో ఎండాకాలమంతా పడేసే కాపీకి హార్డ్ డిస్కే నయం. ఎస్ఎస్‌డీనే వాడితే రెండు మూడు నెలలకోసారి ప్లగ్ చేసి ఫైళ్లన్నీ ఒకసారి చదివించండి, ఊరికే కరెంటు ఇచ్చి తీసేస్తే సరిపోదు.

---

కావలి_కెమెరాలు:

ఒకటి మర్చిపోయా. డబ్బా దించాక ఎన్‌వీఆర్ మెనూలో డిస్క్ టెంపరేచర్ అలారం ఉంటే 55కి పెట్టి ఫోన్‌కి నోటిఫికేషన్ ఆన్ చేయండి. ఫ్యాన్ ఆగిపోయినా, ఫిల్టరు మూసుకుపోయినా ముందుగా తెలిసేది దానివల్లే. డిస్క్ 65 తాకితే రికార్డింగ్ పోయినా సరే ఎన్‌వీఆర్ ఆపి డబ్బా తలుపు తీయండి. తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి నడిపే పని మీ దగ్గర ఒక్క పూట కూడా వద్దు, రాతిపొడి ఎన్‌వీఆర్ లోపలి చిన్న ఫ్యాన్‌లో ఇరుక్కుంటే అది మళ్లీ తిరగదు.